ఆపడానికి ఆడిన పిండిమర

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కరెంటు ఉండేది.

అడవిలో కరెంటేమిటని అడగకండి పిల్లలూ. జంతువులు మాట్లాడతాయంటే ఊరుకుంటారు, కరెంటు ఉందంటే మాత్రం అడుగుతారు. అడగకుండా వినడం కూడా నేర్చుకోవాలి.

ఆ అడవిలో కొండ మీంచి ఒక ఏరు కిందికి దూకేది. దూకేచోట ఒక పెద్ద చక్రం ఉండేది. నీళ్లు పడితే చక్రం తిరిగేది. చక్రం తిరిగితే తీగల్లోకి కరెంటు వచ్చేది. తీగలు చెట్ల మీదుగా ప్రతి గుహకూ, ప్రతి బొరియకూ వెళ్లేవి. చక్రం దగ్గర ఒక ముసలి ఏనుగు కాపలా ఉండేది. తూము తలుపు ఎత్తడం, దించడం ఆమె పని. అడవంతా ఆమెను పెద్దమ్మ అనేది.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. తీగలో కరెంటు కుండలో నీళ్లలాంటిది కాదు. మూత పెట్టి దాచుకోవడానికి కుదరదు. చక్రం ఎంత ఇస్తే అంతే వాడుకోవాలి. అంతకంటే ఎక్కువ లాగితే చక్రం మూలుగుతుంది. ఇంకా లాగితే ఆగిపోతుంది. ఒకసారి ఆగితే ఇరుసు కింద ఇసుక చేరుతుంది. ఆ ఇసుకంతా తీస్తేగాని మళ్లీ కదలదు. అది తెల్లవారేదాకా పట్టే పని.

పగలంతా ఎవరి తిండి వేటలో వాళ్లు ఉండేవారు. కరెంటు పెద్దగా అడిగే దిక్కు లేక చక్రం ఊరికే తిరిగేది. పొద్దుగూకగానే అందరూ ఒకేసారి ఇళ్లకు చేరేవారు. అందరికీ ఒకేసారి చలి వేసేది. అందరూ ఒకేసారి మీట నొక్కేవారు. చక్రం మూలిగేది. దీపాలన్నీ మిణుగురు పురుగుల్లా అయిపోయేవి. ఆ పోలికకు మిణుగురు పురుగులు నొచ్చుకునేవి.

ఆ అడవిలో వరాలప్ప అని ఒక అడవిపంది ఉండేవాడు. అతనికి ఒక పిండిమర ఉండేది. ముట్టెతో గడ్డలు తవ్వి, ఎండబెట్టి, మరలో పోసి పిండి ఆడించేవాడు. ఎవరింట్లో సంకటి ఉడికినా అది వరాలప్ప పిండే. పొద్దున్నే మర ఎక్కించేవాడు. మధ్యాహ్నానికి కట్టేసేవాడు. పిండిలో ఒక్క ఇసుక రేణువు ఉండేది కాదు. మంచి పనివాడు. ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పడానికి చోటు ఉండదు.

ఆ ఏడు చలికాలంలో వరాలప్ప భార్య రావులమ్మ ఈనింది. పిల్లలన్నీ ఏటి గుండ్రాళ్లలా ఉన్నాయి. ఆఖరివాడు మాత్రం బుడంకాయంత ఉన్నాడు. వాడికి ఆ పేరే పెట్టారు. పాలు తాగబోతే అన్నలు వాణ్ణి తోసేసేవారు. వాడి ఒంట్లో వేడి నిలిచేది కాదు.

పురుడు పోసిన ముళ్లపంది వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒంటినిండా బొచ్చు వచ్చేదాకా వీణ్ణి దీపం కింద పడుకోబెట్టండి. దీపం ఆరితే వీడు ఆగడు" అంది.

వరాలప్ప అప్పటికప్పుడు తీగ లాగి, ఎండుగడ్డి మీద వేడినిచ్చే పెద్ద దీపం ఒకటి వేలాడదీశాడు. రావులమ్మ అన్నం తింటున్నా దీపం వైపే చూసేది. నిద్రలో కూడా ఒక కన్ను అటే ఉండేది.

చలి ముదిరింది. ఏరు సన్నబడింది. పెద్దమ్మ అందరినీ చక్రం దగ్గరికి పిలిచింది.

"నీళ్లు తగ్గాయి. మీ చలి తగ్గలేదు. కాబట్టి రెండు పనులు చేద్దాం" అంది పెద్దమ్మ. "మొదటిది. కొండ మీద ఒక పల్లం ఉంది. దాన్ని మడుగు చేద్దాం. మధ్యాహ్నం పూట కరెంటు ఊరికే పోతోంది. ఆ కరెంటుతో నీటికుక్క మోటారు ఆడించి, కిందికి దూకిన నీళ్లనే మళ్లీ పైకి ఎక్కిస్తాడు. సాయంత్రం ఏరు చాలనప్పుడు ఆ నీళ్లు చక్రం మీదికి వదులుతాను."

ఒక కోతి లేచింది. "దూకిన నీళ్లను ఎక్కించడం, ఎక్కించిన నీళ్లను దూకించడం! ఇదేం పని పెద్దమ్మా?"

"నువ్వు రోజూ చెట్టు మీద చేసే పనే" అంది పెద్దమ్మ.

కోతి కూర్చుంది.

"రెండోది. చక్రం మూలిగినప్పుడు నేను ఘీంకరిస్తాను. అది వినగానే ఎవరు ఏది ఆపగలరో అది ఆపాలి. ఆపినవాళ్లకు ఉమ్మడి గాదె నుంచి ఇప్పపూలు ఇస్తాను. ఎక్కువ ఆపినవాళ్లకు ఎక్కువ."

ఇప్పపూల మాట వినగానే అందరి ముక్కులూ ఒకసారి కదిలాయి.

"ఎవరు ఎంత ఆపారో నీకెలా తెలుస్తుంది?" అని అడిగాడు వరాలప్ప.

"వడ్రంగిపిట్ట ఉన్నాడుగా. రోజూ సాయంత్రం మీ స్తంభాల మీద ముక్కు ఆనించి వింటాడు. మామూలు రోజుల్లో ఎవరి తీగ ఎంత మోత పెడుతుందో గుర్తుపెట్టుకుంటాడు. నేను ఘీంకరించాక మళ్లీ వింటాడు. మోత ఎంత తగ్గితే మీరు అంత ఆపినట్టు."

వడ్రంగిపిట్ట మెడ నిక్కించి అందరినీ చూశాడు. అంతకుముందు వాణ్ణి ఎవరూ పట్టించుకునేవారు కాదు.

మొదట జుంజురయ్య అనే ఎలుగుబంటి లేచాడు. అతనికి సాయంత్రం వేన్నీళ్ల స్నానం లేనిదే నిద్రపట్టదు. అడవిలో ఆ అలవాటు అతనొక్కడికే ఉంది.

"ఇక మీద సాయంత్రం నీళ్లు కాచుకోను పెద్దమ్మా. మధ్యాహ్నం కరెంటు ఖాళీగా ఉన్నప్పుడే కాచి, బానలో పోసి, చుట్టూ ఊకా గడ్డీ దట్టించి ఉంచుతాను. పొద్దుగూకాక పోసుకుంటాను. వేడి ఎక్కడికీ పోదు" అన్నాడు.

వరాలప్ప పెద్దగా నవ్వాడు. "మధ్యాహ్నం కాచి సాయంత్రం పోసుకుంటావా బావా? పెళ్లయిన ఏడాదికి బాజాలు మోగించినట్టుంది."

"ఒంటి మీద ఇంత జుట్టుంది బావా. వేడి కాస్త తగ్గినా నాకు తెలియదు" అన్నాడు జుంజురయ్య. అతనికి కోపం రాలేదు. కోపం రావడానికి అతనికి చాలాసేపు పడుతుంది.

తర్వాత ఒక ముసలి కుందేలు లేచింది. "నాకున్నది ఒక్క దీపం. అది ఆపుతాను. చీకట్లో కూర్చోవడం నాకు కొత్త కాదు" అంది.

వరాలప్ప ఆలోచిస్తూ ఇంటికి వచ్చాడు. సాయంత్రం అతని ఇంట్లో ఏం నడుస్తోంది? మర మధ్యాహ్నమే కట్టేస్తాడు. నడిచేది బుడంకాయ మీది దీపం ఒక్కటే. అది ఆపేది కాదు. కాబట్టి ఆపడానికి అతని దగ్గర ఏమీ లేదు.

చూడండి పిల్లలూ. అందరూ లాగే వేళకు మర ఆడించకుండా ఉండటం కంటే అడవికి చేసే మేలు ఏముంది? వరాలప్ప ఆ మేలు ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నాడు. కానీ దానికి ఇప్పపూలు రావు. ఆ సంగతి అతని బుర్రలో ముల్లులా గుచ్చుకుంది. 'ఒక్క దీపం ఆపిన ముసలి కుందేలుకు పూలు. ఇంత పెద్ద మర ఉన్న నాకు ఏమీ లేదు' అనుకున్నాడు. ఆ రాత్రి సంకటి రుచించలేదు.

మర్నాడు పొద్దుగూకే వేళకు పిండిమర మోత వినిపించింది. రావులమ్మ బయటికి వచ్చింది.

"ఏమయ్యా, మర ఆడుతోందే?"

"ఆడుతోంది."

"గడ్డలు పోశావా?"

"లేదు."

"మరి ఎందుకు ఆడుతోంది?"

"ఆపడానికి" అన్నాడు వరాలప్ప.

"ఆడించకుండా ఉంటే ఆగినట్టే కదా" అంది.

"అలా ఆగితే ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆడి ఆగాలి. ఇప్పుడు వడ్రంగిపిట్ట వచ్చి ఈ మోత వింటాడు. రేపు పెద్దమ్మ ఘీంకరించగానే ఆపుతాను. అబ్బో, వరాలప్ప ఎంత ఆపాడో అంటారు."

"నాకు అర్థం కాలేదు."

"నీకు అర్థం కాదులే. ఇది లోకజ్ఞానం."

"గింజ లేని రాయి రాయినే తింటుందని మీ నాన్న అనేవాడు" అంది రావులమ్మ.

"మా నాన్న కాలంలో ఇప్పపూలు ఊరికే ఇచ్చేవాళ్లు లేరు" అన్నాడు వరాలప్ప.

వడ్రంగిపిట్ట వచ్చాడు. స్తంభం మీద ముక్కు ఆనించాడు. కళ్లు పెద్దవి చేశాడు. "బాగా మోత ఉంది వరాలప్పా" అన్నాడు.

"పని ఎక్కువైంది" అన్నాడు వరాలప్ప.

మొదటిసారి పెద్దమ్మ ఘీంకరించింది. వరాలప్ప మీట నొక్కి మర ఆపాడు. చక్రం మూలుగు తగ్గింది. తగ్గక ఏం చేస్తుంది? ఆ మూలుగులో సగం అతను పెట్టించిందే. గాదె నుంచి ఒక గంపెడు ఇప్పపూలు వచ్చాయి. ముసలి కుందేలుకు గుప్పెడు వచ్చాయి.

రెండోసారి పెద్దమ్మ ఘీంకరించింది. వరాలప్ప మళ్లీ ఆపాడు. ఈసారి గంప నిండి పైన కుప్పగా ఉంది. పెద్దమ్మ అందరి ముందూ అతన్ని మెచ్చుకుంది. "పని మానుకుని మరీ మర ఆపుతున్నాడు. వరాలప్పలాంటి వాళ్లు ఇంకో ఇద్దరుంటే నేను కంటినిండా నిద్రపోతాను" అంది. సభలో ముందు వరస బండ మీద అతనికి చోటిచ్చారు. వరాలప్ప ఆ బండ మీద కూర్చుని, వినయంగా ఉన్నట్టు ముఖం పెట్టాడు. ఆ ముఖానికి అది నప్పలేదు. అయినా ఎవరూ చెప్పలేదు.

ఇంటికొస్తే రావులమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అంది.

"ఇప్పుడేమైందని?"

"నువ్వు ఆ ఖాళీ మర ఎక్కించిన ప్రతిసారీ బుడంకాయ మీది దీపం ఎర్రబడుతోంది. వాడు వణుకుతున్నాడు."

"కాస్త ఓర్చుకోమను. ఈ చలికాలమే కదా."

"ఓర్చుకోమని నువ్వే చెప్పు. నా మాట వాడికింకా అర్థం కాదు" అంది రావులమ్మ.

వరాలప్ప బుడంకాయ దగ్గరికి వెళ్లాడు. ఒక ఇప్పపువ్వు వాడి ముక్కు దగ్గర పెట్టి వచ్చాడు. పాలు తాగే పిల్లకు ఇప్పపువ్వు ఎందుకో అతనికే తెలియాలి.

మానేద్దామా అని ఆ ఒక్క క్షణం అనుకున్నాడు. కానీ సాయంత్రం మోత లేకపోతే వడ్రంగిపిట్ట కొత్త మోత గుర్తుపెట్టుకుంటాడు. అప్పుడు ఆపడానికి మళ్లీ ఏమీ ఉండదు. గంప పోతుంది. బండ కూడా పోతుంది. అందుకని పెద్దమ్మ ఘీంకరించని రోజుల్లో కూడా, ప్రతి సాయంత్రం, చీకటి బాగా పడేదాకా ఖాళీ మర ఆడిస్తూనే ఉన్నాడు. ఒకసారి అబద్ధమాడితే దానికి రోజూ మేత వేయాలి పిల్లలూ. ఆవు అయితే పాలైనా ఇస్తుంది.

కొన్నాళ్లకు నీటికుక్క సభలో లేచాడు.

"పెద్దమ్మా, మధ్యాహ్నమంతా చచ్చీచెడీ మడుగు నింపుతున్నాను. సాయంత్రం నువ్వు తూము ఎత్తడమే ఆలస్యం, మడుగు అడుగంటుతోంది. ఇన్ని నీళ్లు ఎవరు తాగుతున్నారు?"

"చలి ఎక్కువైందిగా. అందరూ వాడుతున్నారు" అంది పెద్దమ్మ.

ముందు వరస బండ మీద వరాలప్ప తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆకాశంలో మబ్బుల వైపు శ్రద్ధగా చూశాడు. ఆకాశంలో మబ్బులు లేవు.

అదే సభలో కొండముచ్చుల పెద్ద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెద్దమ్మా, మాకు ఇంకో తీగ కావాలి. మా తావు గాలికి ఎదురుగా ఉంది. రాత్రిపూట వెచ్చగా ఏదైనా పెట్టుకుంటాం. నీళ్లు తక్కువగా ఉన్న రోజు ఆపేయమంటే ఆపేస్తాం. మా గంతుల్లో మేము వినకపోతే నువ్వే తీగ తీసేయ్."

పెద్దమ్మ ఏటి వైపు చూసింది. తర్వాత వరాలప్ప వైపు చూసింది. "సరే, తీసుకోండి. మరీ అవసరం వస్తే వరాలప్ప మర ఉండనే ఉంది. ఆ ధైర్యంతోనే ఇస్తున్నాను" అంది.

వరాలప్ప ఏమీ అనలేదు. అనడానికి అప్పుడొక అవకాశం ఉండేది.

చలికాలంలో అన్నిటికంటే చల్లటి రోజు వచ్చింది. పొద్దెక్కినా మంచు విడవలేదు. ఏరు దారంలా పడుతోంది. ఏటి నీళ్లే లేకపోతే నీటికుక్క పైకి ఏం ఎక్కిస్తాడు? మడుగులో ముందు రోజు మిగిలిన నీళ్లుండాలి. అవి ముందు రోజు సాయంత్రమే ఖాళీ మర కింద పోయాయి.

ఆ పొద్దున్నే వరాలప్ప ఎప్పటిలా మరలో గడ్డలు పోశాడు. పిండి పడలేదు. బూడిద రంగు ఇసుక పడింది. మూత తీసి చూశాడు. తిరగలి రాళ్లకు కొట్టించిన కక్కు, గడ్డల్ని నలిపే ఆ గరుకు గాట్లు, అంతా అరిగిపోయింది. రెండు రాళ్లూ అద్దాల్లా నున్నగా ఉన్నాయి. చూస్తుండగానే పై రాయి టప్పున రెండు ముక్కలైంది.

రావులమ్మ వచ్చి చూసింది. మామగారి మాట మళ్లీ గుర్తు చేయలేదు. ఆమె మంచిది.

"వెళ్లి పెద్దమ్మతో చెప్పు. ఈ రోజు మన మర ఆడదని చెప్పు. ఆమె దీని మీదే ధైర్యంగా ఉంది" అంది.

"చెబితే, మరి నిన్నటిదాకా రాళ్లు ఇలా అరిగేలా ఏం ఆడించావని అడుగుతుంది."

"అడిగితే చెప్పు."

"ఈ రోజు ఘీంకరించకపోవచ్చు" అన్నాడు వరాలప్ప.

పొద్దుగూకింది. అందరూ ఇళ్లకు చేరారు. అందరూ మీటలు నొక్కారు. పెద్దమ్మ ఘీంకరించింది.

ముసలి కుందేలు దీపం ఆపింది. కోతులు సగం దీపాలు ఆపాయి. నీటికుక్క తన ఇంటికి వచ్చే తీగే పీకేశాడు. కొండముచ్చులకు మాత్రం తమ గంతుల్లో వినపడలేదు. జుంజురయ్యకు ఆపడానికి ఏమీ లేదు. అతని నీళ్లు ఎప్పుడో కాగాయి. అయినా చక్రం మూలుగుతూనే ఉంది. మడుగులో నీళ్లు తూము దాకా అందడం లేదు.

"వరాలప్ప ఇంకా ఆపినట్టు లేడు" అంది పెద్దమ్మ. రెండోసారి ఘీంకరించి, వడ్రంగిపిట్టను పంపింది.

వడ్రంగిపిట్ట వరాలప్ప గడప మీద వాలాడు. "పెద్దమ్మ నిన్నే పిలుస్తోంది. తొందరగా మర ఆపు."

లోపల దీపం ఎర్రబడుతోంది. రావులమ్మ భర్త వైపు చూసింది. వరాలప్ప నాలిక మీదికి నిజం వచ్చింది. పళ్ల దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"ఆపాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

వడ్రంగిపిట్ట స్తంభం మీద ముక్కు ఆనించాడు. "నిజమే. చిన్న మోత తప్ప ఏమీ లేదు" అన్నాడు. ఎగిరిపోయి పెద్దమ్మతో అదే చెప్పాడు.

పెద్దమ్మ చక్రం మీద చెవి వేసి విన్నది. "అంత పెద్ద మర ఆగితే చక్రం తేలికపడాలే. ఇప్పుడే ఆపాడేమో. కాస్త చూద్దాం" అంది.

ఆ కాసేపే పోయింది పిల్లలూ. ఆపడానికి ఏమీ లేదని వరాలప్ప చెప్పి ఉంటే, పెద్దమ్మ వెంటనే కొండముచ్చుల తీగ తీసేసేది. వాళ్లు ముందే ఒప్పుకున్నారు కూడా. ఆపానన్నాడు కాబట్టి ఆమె నమ్మి చూసింది. మూడోసారి ఘీంకరించడానికి తొండం ఎత్తింది. తొండం ఎత్తి ఉండగానే చక్రం ఆగింది.

అడవంతా చీకటైంది. బుడంకాయ మీది దీపం ఒక్క క్షణం నిప్పు కణికలా ఉండి, ఆరిపోయింది.

రావులమ్మ అరవలేదు. పిల్లవాణ్ణి పొట్టకు అదుముకుంది. "వీడి చెవులు చల్లబడుతున్నాయి" అంది. తర్వాత, "ఆపావుగా. ఇప్పుడు అన్నీ ఆగాయి" అంది.

వరాలప్ప బుడంకాయను మెడ దగ్గర మెత్తగా నోట కరుచుకుని చక్రం వైపు పరుగెత్తాడు. కోరలు వాడికి తగలకుండా తల పక్కకు వంచి పరుగెత్తాడు. రావులమ్మ మిగతా పిల్లలను గడ్డిలో కప్పి వెనకే వచ్చింది.

చక్రం దగ్గర అందరూ చేరారు. ఇరుసు కింద ఇసుక తోడుతున్నారు. వరాలప్ప పిల్లవాణ్ణి నేల మీద పెట్టాడు.

"పెద్దమ్మా, ఎలాగైనా చక్రం తిప్పు. వీడు దీపం లేకపోతే బతకడు."

"తెల్లవారేదాకా కదలదు నాయనా. నీకు తెలుసు" అంది పెద్దమ్మ. "నువ్వు మర ఆపినా ఇలా ఎందుకైందో నాకు అర్థం కావడం లేదు."

వరాలప్ప తల దించుకున్నాడు. "నేను మర ఆపలేదు."

"ఆపానన్నావట."

"ఆపడానికి ఏమీ లేదు. మొదటి నుంచీ లేదు. సాయంత్రాలు నాకు మరతో పనే లేదు. ఇప్పపూల కోసం ఖాళీగా ఆడించాను. నువ్వు ఘీంకరించినప్పుడు ఆపాను. ఘీంకరించనప్పుడు ఆపలేదు. పొద్దున రాయి పగిలింది. అది కూడా చెప్పలేదు."

ఇసుక తోడేవాళ్లు తోడటం మానేశారు.

"నా మడుగు తాగింది నువ్వా!" అన్నాడు నీటికుక్క.

"నేనే."

నీటికుక్క మీదికి రాబోయాడు. కోతులు గోల మొదలుపెట్టాయి. అప్పుడు జుంజురయ్య అందరినీ పక్కకు నెట్టుకుంటూ ముందుకొచ్చాడు.

"ముందు పిల్లవాణ్ణి ఇటివ్వు" అన్నాడు. "తిట్టడానికి తెల్లవారేదాకా టైముంది."

బుడంకాయను తన గుండె మీది జుట్టులో దాచుకుని గుహకు నడిచాడు. వరాలప్ప, రావులమ్మ వెంట వెళ్లారు. గుహ మూల ఒక పెద్ద బాన ఉంది. దాని చుట్టూ ఊక, గడ్డి దట్టంగా కప్పి ఉన్నాయి. జుంజురయ్య బానకూ గడ్డికీ మధ్య చేత్తో ఒక గూడులా చేశాడు. అందులో బుడంకాయను పెట్టాడు.

వరాలప్ప బానకు ముట్టె ఆనించి చూశాడు. వెచ్చగా ఉంది. మధ్యాహ్నం ఎవరికీ అక్కర్లేని కరెంటు, ఆ బానలో ఎటూ పోకుండా అలాగే కూర్చుని ఉంది. ఆ బాన మాట వినే అతను ఆ రోజు సభలో నవ్వాడు.

"నీ స్నానం, బావా?" అన్నాడు.

"ఈ రోజుకు మానేస్తాను. చేయలేదని ఎవరైనా గమనిస్తారా?"

వరాలప్ప అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "గమనించరు" అన్నాడు.

ఆ సాయంత్రం అతను చెప్పిన రెండో నిజం అది.

కాసేపటికి గూట్లోంచి సన్నగా కీచుమని వినిపించింది. బుడంకాయకు ఆకలి వేసింది. రావులమ్మ అక్కడే, ఆ బాన పక్కనే పడుకుని పాలిచ్చింది. ఆ ఒక్క పూట వాణ్ణి తోసేవాళ్లు లేరు. వాడు కడుపునిండా తాగాడు. వరాలప్ప చూసి, వెనక్కి తిరిగి, ఇసుక తోడటానికి వెళ్లాడు.

తెల్లవారి చక్రం కదిలాక పెద్దమ్మ సభ పెట్టింది.

"తీసుకున్న ఇప్పపూలు తిరిగి ఇచ్చేయ్" అంది.

"తినేశాను పెద్దమ్మా."

"తెలుసు. నీ పొట్ట చెబుతోంది. అయితే మడుగు తవ్వు. నువ్వు పారబోసిన నీళ్లకు రెట్టింపు నీళ్లు పట్టాలి. నీ ముట్టెకు తగిన పని అది. దానికి మాత్రం పూలు రావు." తర్వాత ఆమె అందరి వైపూ తిరిగింది. "నా తప్పూ ఉంది. ఆడి ఆగినవాడికి పూలు ఇచ్చాను. అసలు ఆడనివాడి వైపు చూడలేదు. వచ్చే చలికాలం నుంచి అదీ చూస్తాను."

ముందు వరస బండ ముసలి కుందేలుకు ఇచ్చారు. ఆమె ఒకసారి కూర్చుని చూసి, చల్లగా ఉందని వెనక్కి వెళ్లిపోయింది.

వరాలప్ప ఎండాకాలం వచ్చేదాకా మడుగు తవ్వాడు. ముట్టె తోలు లేచింది. మళ్లీ వచ్చింది. నీటికుక్క మొదట్లో అతనితో మాట్లాడలేదు. మడుగు తన లోతుకు మించిపోయాక మాట్లాడాడు. తర్వాత వరాలప్ప కొత్త రాళ్లు తెచ్చి, కక్కు కొట్టించి, మర పెట్టాడు. ఇప్పుడు మధ్యాహ్నం, కరెంటు ఊరికే పోయే వేళకు ఆడిస్తాడు. గడ్డలు పోసే ఆడిస్తాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం పెద్దమ్మ ఘీంకరించింది. వడ్రంగిపిట్ట వరాలప్ప గడప మీద వాలాడు.

"ఆపడానికి ఏమైనా ఉందా వరాలప్పా?"

"ఏమీ లేదు."

వడ్రంగిపిట్ట స్తంభం మీద ముక్కు ఆనించి చాలాసేపు విన్నాడు. వాడు ఇప్పుడు ఎవరినీ ఊరికే నమ్మడు.

"నిజమే. ఏమీ లేదు" అని ఎగిరిపోయాడు.

వరాలప్ప లోపలికి వచ్చాడు. చీకట్లో పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. ఒంటినిండా బొచ్చు వచ్చిన బుడంకాయ అన్నలను అటూ ఇటూ తోసి, అందరికంటే వెచ్చటి చోట మధ్యలో పడుకుని ఉన్నాడు.

నీతి: లేనిదాన్ని వదులుకున్నానని చెప్పి మెప్పు పొందేవాడికి, నిజంగా వదులుకోవలసిన రోజున చేతిలో ఏమీ మిగలదు.